ఎర్రగీత పడక ముందే: ఊళ్లోని పాత కట్టడాలను టౌన్ ప్లానింగ్‌తో కాపాడుకోవడం ఎలా?

పాత బజారులో నడుస్తుంటే కొన్ని ఇళ్ల గోడల మీద ఎర్రరంగు గీత, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు ఎంతవరకు పోతుందో చెప్పే గుర్తు అది. టేకు స్తంభాల అరుగైనా, సున్నపు గచ్చు మీద నెమళ్లు తీర్చిన ముఖద్వారమైనా గీతకు రోడ్డు వైపున ఉంటే లెక్కలోంచి పోయినట్టే. ఇంటివాళ్లు, ఊరివాళ్లు ఆ రోజు మేలుకుంటారు. వినతిపత్రాలు, ధర్నా, పత్రికలో ఫొటో, చివరికి కోర్టు. అన్నీ చేయాల్సినవే గాని, అన్నీ ఆలస్యంగా చేసేవే. ఆ గీత గోడ మీదికి రావడానికి ఏళ్ల ముందే, ఊరు రేపు ఎలా పెరగాలో గీసుకునే మాస్టర్ ప్లాన్ పటంలో పడింది.

నాకీ సంగతి ఒక మున్సిపల్ కార్యాలయం వరండాలో తెలిసింది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను ప్రజల పరిశీలన కోసం గోడకు అంటించారు. సగం పటానికి మంచినీళ్ల డ్రమ్ము అడ్డం. డ్రమ్ము పక్కకు జరిపి చూస్తే మా పాత వీధి అరవై అడుగుల రోడ్డుగా కనిపించింది. వీధిలో ఉన్న పాత గ్రంథాలయం, సత్రం, పది పన్నెండు పెంకుటిళ్లు పటంలో ఎక్కడా లేవు. వాటిని ఎవరో తీసెయ్యలేదు, అసలు ఎవరూ గుర్తించలేదు. పటం గీసిన కన్సల్టెంటుకు పైనుంచి తీసిన ఉపగ్రహ చిత్రంలో కనిపించినవి పైకప్పులే. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క పని గురించి: మీ వీధిని పటంలోకి ఎక్కించడం.

మొదటి అడుగు: కట్టడం ఏ చట్టం నీడలో ఉందో తేల్చుకోండి

వారసత్వం అనగానే అందరూ పురావస్తు శాఖ వైపు చూస్తారు. చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట, రామప్ప గుడి, లేపాక్షి వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి కేంద్ర చట్టాన్ని 2010లో సవరించాక రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లలో అనుమతి తీసుకునే కట్టాలి. ఆ దరఖాస్తులను జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ పరిశీలిస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కొలత గుడి గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి మొదలవుతుంది. కోట అయితే ఆ హద్దు ఎక్కడో బురుజు అవతల ఉండవచ్చు. నిషిద్ధ ప్రాంతంలో ఇప్పటికే ఉన్న ఇంటికి మరమ్మతులు చేసుకోవడానికి అనుమతి దొరుకుతుంది. "ఇల్లు కారుతున్నా ముట్టుకోనివ్వరు" అన్న భయం చాలావరకు వదంతే.

రెండోది రాష్ట్ర రక్షణ. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పురాతన, చారిత్రక కట్టడాల చట్టం ఉంది. తెలంగాణ 2017లో సొంత వారసత్వ చట్టం చేసుకుంది. మూడోది నగరాభివృద్ధి సంస్థ లేదా మున్సిపాలిటీ తన జోనింగ్ నిబంధనల్లో, అంటే ఏ ప్రాంతంలో ఏం, ఎలా కట్టవచ్చో చెప్పే నిబంధనల్లో, పెట్టుకునే వారసత్వ జాబితా.

ఈ మూడింటిలోనూ లేనివే మనచుట్టూ ఎక్కువ. కోస్తాలో మండువా లోగిళ్లు, హైదరాబాద్‌లో దేవిడీలనే నవాబుల భవంతులు, రైల్వే క్వార్టర్లు, పాత హైస్కూళ్లు, మెట్ల బావులు, గడియార స్తంభాలు. వీటికి ఏ పురావస్తు అధికారీ రాడు. వీటిని నిలబెట్టినా పడగొట్టినా టౌన్ ప్లానింగ్ విభాగమే.

ఏ జాబితాలోనూ లేదని తేలినా దాన్ని కాగితం మీదే తేల్చుకోండి. సమాచార హక్కు దరఖాస్తు వేసి, "ఫలానా సర్వే నంబరులోని కట్టడం రక్షిత జాబితాలో ఉందా? ఆ వీధికి మాస్టర్ ప్లాన్‌లో ప్రతిపాదించిన వెడల్పు ఎంత?" అని రెండే ప్రశ్నలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పది ప్రశ్నలు కలిపి అడిగితే అన్నిటికీ కలిపి ఒక అస్పష్టమైన జవాబు వస్తుంది.

రెండో అడుగు: కొలవండి, రాయండి

అధికారి ముందు "మా వీధి చాలా పురాతనమైనదండీ" అంటే అది మాట. పద్నాలుగు కట్టడాల జాబితా పెడితే అది ఆధారం. ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇద్దరు ముగ్గురు చాలు. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో ఫోను, మూడో మనిషి పని ఇంటివాళ్లతో మాట్లాడటం. ఆ మూడో మనిషి ఆ వీధిలో పుట్టి పెరిగినవారైతే తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. ప్రతి కట్టడానికీ ఒక పేజీ పెట్టండి. ఇంటి నంబరు, సర్వే నంబరు, ఫోనులో తీసుకున్న అక్షాంశ రేఖాంశాలు, రోడ్డు వైపు ముఖం వెడల్పు, ఎన్ని అంతస్తులు, ఇప్పుడు ఎలా వాడుతున్నారు, యజమాని ఒకరా, వాటాదారులు చాలామందా. ఆ తర్వాత అసలు సంగతి, అంటే ఆ కట్టడం దేనితో, ఎలా కట్టారు?

ఒక మండువా లోగిలి దగ్గర ఆగి చూద్దాం. వీధి వైపు ఎత్తయిన అరుగు, అరుగు మీద కర్ర స్తంభాలు, స్తంభం మీద దూలాన్ని మోసే చెక్కిన బోదె. లోపలికి అడుగుపెడితే నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, వాననీళ్లు పోవడానికి మూలన తూము. పెంకు కప్పు కింద దూలాలు, వాటి మీద వాసాలు. గోడ మందం కొలవండి, అడుగున్నరకు పైనే ఉండటం మామూలే. గచ్చు ఊడిన చోట లోపల ఇటుక కనిపిస్తే ఇటుక కొలతలు కూడా రాయండి. పలచని చిన్న ఇటుక పాతకాలపు పనికి ఒక గుర్తు. గడప మీదో దూలం మీదో చెక్కిన సంవత్సరం కనిపిస్తే దగ్గరగా ఒకటి, చుట్టుపక్కలతో కలిపి ఒకటి, రెండు ఫొటోలు తీయండి. దగ్గర ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ఇంటిదో రేపు మీకే గుర్తుండదు.

వయసు తెలియకపోతే ఊహించి రాయకండి. "రెండువందల ఏళ్ల నాటిది" అని గొప్పకు రాసిన ఒక్క తప్పు దొరికితే మొత్తం జాబితా మీద అనుమానం పడుతుంది. "ఇంటి పెద్ద చెప్పిన ప్రకారం తాతగారి కాలంలో కట్టింది" అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

తరవాత వాటిని వర్గాలుగా విడదీయండి. మన దేశంలో వాడుకలో ఉన్న పద్ధతిలో మొదటి గ్రేడు కట్టడాన్ని లోపలా బయటా మార్చకూడదు. రెండో గ్రేడులో లోపల అవసరం మేరకు మార్చుకోవచ్చు. మూడో గ్రేడు విలువ వీధి అందానికి సంబంధించింది. అక్కడ వరస, ఎత్తు, ముఖం చెడకపోతే చాలు. అన్నిటినీ మొదటి గ్రేడులో పడేయాలన్న ఆశ వదిలేయండి. అన్నీ మొదటి గ్రేడు అంటే ఏదీ కాదని అర్థం చేసుకునే అధికారులున్నారు, వాళ్లది తప్పూ కాదు.

మూడో అడుగు: పటం చదవడం నేర్చుకోండి

మాస్టర్ ప్లాన్‌లో రెండు పటాలుంటాయి. ఒకటి ఇప్పుడున్న భూ వినియోగం, రెండోది ప్రతిపాదిత భూ వినియోగం. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మామూలుగా పసుపు నివాసానికి, నీలం వాణిజ్యానికి గుర్తు, అయినా పటం మూలనున్న సూచిక చూసుకోండి. మీ వీధి పసుపు నుంచి నీలంగా మారిందంటే నేల విలువ పెరుగుతుంది. నేల విలువ పెరిగితే పాత ఇంటి విలువ సున్నాకు దిగుతుంది. అక్కడ బుల్డోజర్‌తో పని లేదు, ఇల్లుగల ఆయనే కూలీలను పిలుచుకుంటాడు.

రంగుల కంటే ప్రమాదం రోడ్ల పట్టికలో ఉంది. పుస్తకం చివర ఎక్కడో "ప్రస్తుత వెడల్పు, ప్రతిపాదిత వెడల్పు" అని రెండు గడులుంటాయి. మీ వీధి పేరు అక్కడ వెతకండి. ఆ రోడ్డు మీద కొత్త ఇంటికి అనుమతి అడిగిన ప్రతివాళ్లూ విస్తరణకు పోయే జాగా వదిలి కట్టాలి. అలా ఒక్కో ఇల్లూ వెనక్కి జరుగుతుంది. ఇరవై ఏళ్లలో వీధి పంటి వరసలో పళ్లు ఊడినట్టు తయారవుతుంది. విస్తరణ జరగదు, వరస మాత్రం పోతుంది.

నాలుగో అడుగు: గడువులోగా అభ్యంతరం రాయండి

ముసాయిదా ప్రచురించాక అభ్యంతరాలు, సూచనలకు గడువు ఇస్తారు. ఎన్ని రోజులో ప్రకటనలోనే ఉంటుంది. ఆ ప్రకటన పత్రికలో పెళ్లి సంబంధాల పక్కన చిన్నగా వచ్చి పోతుంది, కార్యాలయం నోటీసు బోర్డును అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి.

ముసాయిదా రాతిమీద గీత కాదు. 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల మున్సిపాలిటీలు తమ ముసాయిదా మాస్టర్ ప్లాన్లను వెనక్కి తీసుకున్నాయి. అక్కడ కదిలింది పంట పొలాల కోసం రైతులు. పాత కట్టడాలకు అంత జనం కదలరు, ఒప్పుకోవాలి. కాబట్టి మన అభ్యంతరం సంఖ్యతో కాక సరుకుతో నెగ్గాలి. ఇలా రాయవచ్చు:

"ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో ఫలానా వార్డులోని ఫలానా వీధిని ప్రస్తుత 24 అడుగుల నుంచి 60 అడుగులకు విస్తరించాలని ప్రతిపాదించారు. ఈ వీధిలో 14 పాత కట్టడాలు ఉన్నాయి. జాబితా, ఫొటోలు, కొలతలతో గీసిన పటం జతచేశాను. వీధి వెడల్పును ఇప్పుడున్నట్టే ఉంచి, వాహనాలను దీనికి సమాంతరంగా ఉన్న ఫలానా రోడ్డు మీదుగా మళ్లించాలని, ఈ వీధిని వారసత్వ ప్రాంతంగా గుర్తించాలని కోరుతున్నాను. నిర్ణయానికి ముందు నా వాదన స్వయంగా వినిపించే అవకాశం ఇవ్వగలరు."

ఇందులో ప్రాణం మూడో వాక్యం తర్వాత ఉంది. "విస్తరణ వద్దు" అని ఆగిపోతే ట్రాఫిక్ ఏం చేయమంటారని అడుగుతారు. ప్రత్యామ్నాయ దారి మీరే చూపిస్తే అధికారి ఆ పేజీని పైకి పంపగలుగుతాడు. కార్యాలయానికి అందినట్టు ఇన్వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకున్న ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. ఏళ్ల తర్వాత కోర్టులో అడిగే మొదటి ప్రశ్న "అప్పుడు మీరు అభ్యంతరం చెప్పారా?" అన్నదే.

ఐదో అడుగు: నిబంధనల్లో ఏం అడగాలి?

జాబితా ఒక్కటే చాలదు, జాబితాకు కోరలు ఉండాలి. అవి జోనింగ్ నిబంధనల్లోంచి వస్తాయి. మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్. ముంబయి నగరానికి 1995లో వారసత్వ నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది హైదరాబాద్‌లోనూ నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లో పదమూడో నిబంధన చేరింది. జాబితాలోని భవనాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తీసుకోవాలన్నది దాని సారం. ఆ జాబితాలో భవనాలే కాదు, కొండరాళ్ల గుట్టలు కూడా ఉండేవి. దక్కన్ నేలకు బండరాళ్లు కూడా వారసత్వమే అనుకున్న ఆ ఆలోచన నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. 2015 చివర్లో ఆ నిబంధనను ప్రభుత్వం తొలగించింది. రెండేళ్లకు కొత్త చట్టం వచ్చినా, పాత జాబితాలోని భవనాలన్నిటికీ అదే రక్షణ వెంటనే దక్కలేదు.

ఆ ఖాళీలోనే ఎర్రమంజిల్ వివాదం వచ్చింది. నిజాం కొలువులోని నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ హైదరాబాద్‌లో కట్టించిన ప్యాలెస్ అది. పర్షియన్‌లో ఇరం అంటే స్వర్గవనం, తెలుగులో ఆ గుట్ట ఎర్రగుట్ట, పేరు రెండు భాషల్లోనూ కుదిరేలా పెట్టాడని చెబుతారు. 2019లో దాన్ని కూల్చి కొత్త శాసనసభ భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. హైకోర్టు ఆ నిర్ణయాన్ని అదే ఏడాది సెప్టెంబరు 16న కొట్టివేసింది. వాదనలు ప్యాలెస్ అందం చుట్టూ కాదు, జోనింగ్ నిబంధనలు, నగరాభివృద్ధి సంస్థ చట్టం చుట్టూ తిరిగాయి. పటంలో, నిబంధనలో ఒకసారి పడిన మాటకు ఉండే బరువు అది.

మీ ఊరి ప్లాన్‌లో అడగాల్సినవి కొన్ని చెబుతాను. ఒక్కో భవనాన్ని కాకుండా వీధి మొత్తాన్ని వారసత్వ ప్రాంతంగా గుర్తించడం. అక్కడ కొత్త భవనాల ఎత్తుకు పరిమితి. పాత వరసలో కట్టే కొత్త ఇంటికి రోడ్డు వైపు ఖాళీ వదలాలన్న సెట్‌బ్యాక్ నిబంధన నుంచి మినహాయింపు, ఎందుకంటే పాత వీధుల్లో ఇళ్లు రోడ్డును ఆనుకునే ఉంటాయి, నిబంధన ప్రకారం వెనక్కి జరిగితే వరస చెడుతుంది. ముఖద్వారాలను కప్పేసే ఫ్లెక్సీలు, బోర్డుల కొలతలకు నియంత్రణ. కూల్చివేత అనుమతికి ముందు కమిటీ పరిశీలన. కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన నిబంధనల్లో వారసత్వ కట్టడాల పరిరక్షణకు ఒక అధ్యాయమే ఉంది. దాన్ని మీ వినతికి జతచేస్తే, మీరు కొత్తగా కనిపెట్టినదేదీ కాదని తెలుస్తుంది.

ఆరో అడుగు: ఇల్లుగల వాళ్లతో కూర్చోండి

ఈ పని అడుగుల వరసలో ఆరోది గాని, మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి. పాత ఇంటికి రోడ్డు విస్తరణ కంటే పెద్ద శత్రువు వాటాల పంపకం. అయిదుగురు అన్నదమ్ములకు మండువా లోగిలిని పంచాలంటే మండువా ఎవరికి రావాలి? అందుకే అమ్మేస్తారు, లేదా మధ్యలో గోడ లేపుతారు. వాళ్లకు వారసత్వం మీద ఉపన్యాసం ఇస్తే లోపలికి పోయి తలుపేసుకుంటారు. నేనైనా అదే చేస్తాను.

వాళ్లు నష్టపోకుండా ఏం చేయవచ్చో చెప్పండి. మొదటిది బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు, జనం నోట్లో టీడీఆర్. పాత ఇంటి స్థలంలో కట్టుకోగలిగీ కట్టని అంతస్తుల హక్కును బాండు రూపంలో వేరే బిల్డరుకు అమ్ముకోవడం. రోడ్డుకు పోయిన జాగాకు ఇచ్చినట్టే, కాపాడి వాడుకుంటున్న వారసత్వ భవనానికీ దీన్ని ఇవ్వవచ్చని ఉమ్మడి రాష్ట్రపు 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. అడిగేవాళ్లే తక్కువ. రెండోది వినియోగ మార్పు. నివాస జోన్‌లో ఉన్న పాత ఇంటిని భోజనశాలగానో, బసగానో, చేనేత దుకాణంగానో వాడుకోనిస్తే దాని నిర్వహణ ఖర్చు అదే సంపాదించుకుంటుంది. మూడోది ఆస్తిపన్నులో రాయితీ. ఇది మున్సిపాలిటీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తేల్చాల్సిన విషయం, కౌన్సిల్ తీర్మానం కోసం మీ వార్డు సభ్యుడిని పట్టుకోండి.

ఇల్లుగల ఆయన అయినా వద్దంటే? జాబితాలో పేరు చేర్చే ముందు ఆయన అభ్యంతరాన్ని కూడా రాతలో తీసుకోండి. దాచిపెట్టి చేర్చిన పేరు మొదటి విచారణలోనే ఊడిపోతుంది.

ఏడో అడుగు: మరమ్మతు పేరుతో చంపకండి

ప్లాన్‌లో ఇల్లు నిలిచాక సిమెంటు చేతిలో పోయినవి చాలా ఉన్నాయి. పాత గోడ డంగు సున్నంతో కట్టింది. అది తేమ పీల్చుకుని వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే లోపలి తేమ బయటికి పోలేదు. లవణాలు పైకి వచ్చి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మేస్త్రీ "గోడ బలహీనంగా ఉందండీ" అని ఇంకో పూత సిమెంటు వేస్తాడు. సున్నాన్ని గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిపే పనివాళ్లు తగ్గిపోయారు, లేకపోలేదు. గుళ్ల మరమ్మతులు చేసే బృందాలను అడిగితే దొరుకుతారు.

ఎనిమిదో అడుగు: "శిథిల భవనం" నోటీసు వస్తే

వానాకాలానికి ముందు మున్సిపాలిటీలు శిథిల భవనాలకు నోటీసులు ఇస్తాయి. కొన్ని నిజంగా ప్రమాదకరమే, మనుషులను ఖాళీ చేయించి తీరాలి. మరికొన్ని సందర్భాల్లో ఆ నోటీసు అద్దెకున్నవాళ్లను పంపేయడానికో, స్థలం ఖాళీ చేయడానికో సాధనం. తేడా తెలిసేది ఒక్క ప్రశ్నతో: పరీక్షించినది ఎవరు? కాంక్రీటు భవనాలే తెలిసిన ఇంజినీరుకు సున్నపు గోడలోని ప్రతి బీటా చావు కబురే. పాత కట్టడాల్లో అనుభవమున్న ఇంజినీరుతో మరో నివేదిక తెప్పించండి. వారసత్వ పరిరక్షణ కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ స్థానిక శాఖను అడిగితే అలాంటి వాళ్ల పేర్లు చెబుతారు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూల్చాలన్న మాట 2015లో వచ్చినప్పుడు ఇన్‌టాక్ నివేదిక దానికి ఎదురు నిలిచింది. కొత్త ఆసుపత్రికి చివరికి గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది.

నోటీసు అందిన రోజే రాతపూర్వకంగా జవాబిచ్చి, పరీక్ష నివేదిక ప్రతిని అడగండి. అది ఇవ్వకుండా కూల్చివేతకు వస్తే న్యాయవాది దగ్గరికి ఆ రాత్రే వెళ్లాలి. మీ రెండో అడుగులోని జాబితా, నాలుగో అడుగులోని ముద్ర పడిన అభ్యంతరం ఆయన ముందు పెడితే హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ ఆ రాత్రే సిద్ధమవుతుంది. అవి లేకపోతే ఆయన ముందు ఆధారాలు తెమ్మని మిమ్మల్ని వెనక్కి పంపుతాడు. తెల్లారేసరికి జేసీబీ పని ముగిసిపోతుంది.

విస్తరణ ప్రతిపాదన రద్దయితే మిగిలేది గోడ మీది ఎర్రగీత. ఆనందంలో ఇనుప బ్రష్షుతో గీకకండి, గీతతోపాటు గచ్చు పై పొర ఊడొస్తుంది. రంగును మెత్తబరిచేదాన్ని ముందు కంటికి ఆనని మూలన అరచేతి మేర పరీక్షించి, రంగు మెత్తబడ్డాక గుడ్డతో నెమ్మదిగా తీయండి. అంతకు ముందు ఆ గీతకు ఒక ఫొటో తీసి ఫైలులో పెట్టండి.